పౌరుషగ్రంథి: వార్ధక్యమున దాని వికారములు, వానిని గుర్తించు విధము

పురుషుని మూత్రాశయమునకు దిగువను, పురీషనాళమునకు ముందువైపునను, కటివలయపు టెముకల నడుమ దాగియుండి, మూత్రము వెలికి వచ్చు నాళముయొక్క మొదటి భాగమును చుట్టుకొనియుండు గ్రంథికి పౌరుషగ్రంథి యని పేరు. వైద్యశాలలలోను జనవ్యవహారమునను ప్రోస్టేటు అను మాటయే రూఢమైనది. యౌవనమున ఇది సుమారు 20 గ్రాముల బరువును, అడ్డముగా 4 సెంటీమీటర్ల కొలతయు కలిగియుండును. శుక్రకణములకు వాహకమగు ద్రవములో కొంతభాగమును స్రవించుట దీని పని. ఆ స్రావమునందలి ఒక మాంసకృత్తు చిక్కనైన వీర్యమును పలుచబరచి శుక్రకణముల సంచారమునకు తోడ్పడును. సంతానోత్పత్తికై ఏర్పడిన ఈ చిన్న అవయవము, ఆ పని తీరిన వయస్సున మూత్రవ్యవస్థకు బాధకమగుట కేవలము దాని స్థానముచేత కలిగిన దుర్గతి. మూత్రనాళము దీని నడుమనుండి గాక ప్రక్కనుండి పోయియుండినచో, ఈ వ్యాసములో సగము వ్రాయవలసిన పనియే లేకుండెడిది.

ఏబదియేండ్లు దాటిన పురుషులలో ఈ గ్రంథికి ముఖ్యముగా మూడు వికారములు సంభవించును. అన్నిటికంటె సామాన్యమైనది గ్రంథి క్రమముగా పెరుగుట. ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారునదియు కాదు గనుక దీనిని నిరపాయవృద్ధి యందురు. రెండవది సూక్ష్మజీవులవలన గాని ఇతర కారణములవలన గాని కలుగు శోథము. మూడవది క్యాన్సరు. ఒకే పురుషునియందు ఈ మూడును ఏకకాలమున ఉండవచ్చును. వీనిని గుర్తించుటలోని చిక్కంతయు ఒక విషయమునందున్నది: ఈ గ్రంథి విషయమున బాధకును అపాయమునకును పొత్తు కుదరదు. రాత్రి నాలుగుమారులు నిద్ర చెరచి లేపు వికారము సామాన్యముగా ప్రాణాంతకము కాదు. ప్రాణాంతకము కాగలిగిన వికారము తొలిదశలో మనుష్యుని ఒక్కసారియైనను లేపదు. మూత్రము సాఫీగా పోవుచున్నది గనుక గ్రంథి ఆరోగ్యముగా నున్నదని నిశ్చింతగా నుండువాడును, ధార సన్నబడినది గనుక క్యాన్సరు వచ్చినదని కుంగిపోవువాడును ఒకే పొరపాటు చేయుచున్నారు.

ఈ వైపరీత్యమునకు కారణము గ్రంథినిర్మాణమునందే కలదు. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున జాన్ మెక్నీల్ అను అమెరికా దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు గ్రంథిని మండలములుగా విభజించి చూపెను. మూత్రనాళమును ఆనుకొనియుండు సంధిమండలము యౌవనమున గ్రంథిలో నూటికి 5 పాళ్ల మేర మాత్రమే యుండును. ఐనను నిరపాయవృద్ధి యంతయు ఇంచుమించు అచ్చటనే జనించును. వెనుకవైపున పురీషనాళమునకు ఎదురుగా వ్యాపించిన బాహ్యమండలము గ్రంథిలో సుమారు 70 పాళ్లు ఆక్రమించును. క్యాన్సరులలో అధికభాగము పుట్టునది అచ్చట. నాళము ప్రక్కన మొలచిన చిన్న కంతియైనను నాళమును నొక్కి తన యునికిని చాటును. వెలుపలి అంచున పెరుగు కంతికి నొక్కుటకు ఏమియు లేదు గనుక, అది గ్రంథిని దాటి పోవునంతవరకు మౌనముగనే యుండగలదు. పరిమాణమును బట్టి బాధను అంచనా వేయుటయు సరికాదు. 100 గ్రాముల గ్రంథి గలవాడు సుఖముగా మూత్రవిసర్జన చేయుచుండగా, 30 గ్రాముల గ్రంథిలో ఒక చిన్న తమ్మె మూత్రాశయపు మెడలోనికి చొచ్చుకొనివచ్చినవాడు నానాయాతన పడవచ్చును. కడుపునొప్పికో మరి దేనికో తీయించిన స్కానింగు కాగితముపై గ్రంథి పెరిగినదని చదువుకొని, ఏ బాధయు లేనివారు మందులు మొదలుపెట్టుట నేడు మన పట్టణములలో సాధారణమైనది. కాగితమునకు కాక మనిషికి చికిత్స చేయవలెనను సూత్రము ఇచ్చట బాగుగా వర్తించును.

గ్రంథి పెరుగుటకు రెండు వలయును: ఒకటి వయస్సు, రెండవది వృషణములనుండి పుట్టు పురుషహార్మోను. మరణానంతర పరీక్షలలో సూక్ష్మదర్శిని క్రింద చూచినప్పుడు ఏబది మొదలు అరువదియేండ్ల లోపువారిలో ఇంచుమించు సగముమందికిని, ఎనుబది దాటినవారిలో అత్యధికులకును ఈ వృద్ధి కనబడినది. వృషణములు తొలగించిన జంతువులలో గ్రంథి కుంచించుకొనిపోవుటను పదునెనిమిదవ శతాబ్దిలోనే జాన్ హంటర్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు గమనించెను. చైనా దేశపు చివరి రాజవంశముయొక్క అంతఃపురసేవకై నపుంసకులుగా చేయబడి ముదిమి వరకు జీవించిన 26 మందిని పరీక్షించి 1987లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, వారిలో అత్యధికులకు గ్రంథి వ్రేలికి తగులనే లేదు. టెస్టోస్టెరాన్ అను హార్మోను గ్రంథిలో ప్రవేశించి, ఒక ఎంజైముయొక్క సాయముచే డైహైడ్రోటెస్టోస్టెరాన్ అను మరింత చురుకైన రూపము దాల్చి, కణములను పెంపొందించును. డొమినికన్ రిపబ్లిక్ లోని కొన్ని కుటుంబములలో ఆ ఎంజైము పుట్టుకతోనే కొరవడినవారిని గూర్చి 1974లో వెలువడిన వర్ణనలో, వారు పెద్దవారైన పిదపకూడ గ్రంథి చిన్నదిగనే యుండెనని తేలెను. ఆ పరిశీలన దారితీయగా రూపొందిన ఫినాస్టెరైడ్ అను ఔషధము 1992లో అమెరికాలో అనుమతి పొందినది.

దారి ఇరుకైనప్పుడు మూత్రాశయము ఊరకుండదు. దాని కండరము మొదట అధికబలముతో నెట్టి, ఇరుకును కప్పిపుచ్చును. పిమ్మట మందమెక్కి, కొద్దిపాటి మూత్రము చేరినంతనే సంకోచించు చాపల్యమును తెచ్చుకొనును. తుదకు అలసి, సాగి, పూర్తిగా ఖాళీ చేయలేని స్థితికి వచ్చును. కావున రోగి చెప్పు బాధలు రెండు తెగలుగా నుండును. మూత్రవిసర్జనకు కూర్చున్నను నిలుచున్నను వెంటనే రాకపోవుట, ధార సన్నగిలి పాదముల దగ్గరనే పడుట, నడుమ నడుమ తెగి మరల వచ్చుట, ముక్కవలసి వచ్చుట, అయిపోయినదనుకొని వస్త్రము సరిచేసుకొన్న తరువాత చుక్కలు పడి తడియుట, ఇంకను మిగిలియున్నదను భావన వదలకుండుట, ఇవి దారి ఇరుకగుటను తెలుపునవి. పగలు గంటగంటకు పోవలసి వచ్చుట, వచ్చినదన్న వెంటనే ఆపుకొనలేకపోవుట, దొడ్డికి చేరులోపలనే కొంత పడిపోవుట, రాత్రి పలుమారులు లేచుట, ఇవి మూత్రాశయపు చాపల్యమును తెలుపునవి. విశేషమేమనగా, మొదటి తెగ బాధలను మనుష్యులు ఏండ్ల తరబడి సహింతురు. వైద్యుని వద్దకు నడిపించునవి రెండవ తెగవే. బస్సు ప్రయాణమనగా జంకుట, పెండ్లిండ్లకును తీర్థయాత్రలకును ఏదో యొక సాకు చెప్పి మానుకొనుట, కొత్త ఊరికి పోయినప్పుడు మొట్టమొదట మరుగుదొడ్డి ఎచ్చటనున్నదని వెదకుకొనుట మొదలైనచో, ఇంటివారు గ్రహింపదగిన తొలి సూచనలు అవియే. తండ్రి కొడుకుతో చెప్పుకొనడు, కోడలు వినునని భార్యతోను గట్టిగా చెప్పడు, ప్రవర్తనయే చెప్పును.

ఈ బాధలను కొలుచుటకు 1992లో అమెరికా మూత్రవైద్యసంఘమువారు ఒక ప్రశ్నావళిని కూర్చిరి. అదియే స్వల్పమైన చేర్పుతో అంతర్జాతీయ మానముగా ప్రచారమునకు వచ్చెను. గడచిన నెలరోజులలో మూత్రము మిగిలినట్లుండుట, రెండుగంటల లోపల మరల పోవలసి వచ్చుట, ధార తెగితెగి వచ్చుట, ఆపుకొనలేకపోవుట, ధార బలహీనమగుట, ముక్కుట, రాత్రి లేచుట అను ఏడు విషయములకు 0 మొదలు 5 వరకు గుణములు వేయుదురు. మొత్తము 35. ఏడువరకు స్వల్పము, 8 నుండి 19 వరకు మధ్యమము, 20 మొదలు తీవ్రము. చివర మరియొక ప్రశ్న విడిగా కలదు: మిగిలిన జీవితమంతయు ఇట్లే గడపవలసి వచ్చినచో నీకెట్లుండును? చికిత్స నిర్ణయమున ఈ ఎనిమిదవ ప్రశ్నయే తక్కిన ఏడింటికంటె బరువైనదని చెప్పుట అతిశయోక్తి కాదు. ఐతే ఈ గుణములు బాధయొక్క తీవ్రతను మాత్రమే చెప్పును. కారణమును చెప్పవు, క్యాన్సరు ఉన్నదో లేదో అసలే చెప్పవు.

కారణము గ్రంథియే యని తొందరపడి నిశ్చయింపరాదనుటకు రాత్రి లేచుటయే మంచి ఉదాహరణము. వృద్ధుడు రాత్రి పలుమారులు లేచుటను అందరును ప్రోస్టేటు ఖాతాలో వ్రాయుదురు. కాని మధుమేహము అదుపు తప్పినవానికి మూత్రమే అధికముగా తయారగును. గుండె బలహీనమై పగలెల్ల కాళ్లలో దిగిన నీరు, పరుండినంతనే రక్తములోనికి మరలి రాత్రివేళ మూత్రమై వచ్చును. రక్తపోటుకు ఇచ్చిన మూత్రకారక ఔషధమును సాయంకాలము వేసికొనుట, నిద్రలో ఊపిరి ఆగి ఆగి గురక వచ్చు జబ్బు, పడుకొనుటకు ముందు త్రాగిన కాఫీయో మజ్జిగయో, ఇవన్నియు కారణములు కావచ్చును. పుష్యమాఘముల చలిలో చెమట తగ్గి మూత్రము హెచ్చును గనుక ఉన్న బాధ అధికమైనట్లు తోచును. పక్షవాతము, పార్కిన్సన్ జబ్బు, వెన్నుపాము వికారములు, చిరకాల మధుమేహముచే నరములు దెబ్బతినుట, మూత్రనాళము మచ్చకట్టి సన్నబడుట, మూత్రాశయమున రాయి, మన దేశమున మరువరాని క్షయ, ఇవన్నియు అచ్చముగా గ్రంథివృద్ధి లక్షణములనే ధరించి వచ్చును. ఈ చిక్కును విడదీయు సాధనము మిక్కిలి చౌకయైనది: మూడు దినములపాటు ఏవేళ ఎంత నీరు త్రాగితినో, ఏవేళ ఎన్ని మిల్లీలీటర్ల మూత్రము పోసితినో కొలపాత్రతో కొలిచి కాగితముపై వ్రాసికొనుట. దినమంతటి మూత్రములో మూడవవంతుకు మించి రాత్రివేళనే వచ్చుచున్నచో, దోషము గ్రంథియందు కాక మూత్రోత్పత్తియందున్నదని తెలియును. మూత్రమునకు వెరచి నీరు త్రాగుట మానివేయు వృద్ధులు పెక్కుమంది గలరు. మన వేసవులలో ఇది మూత్రపిండములకు హానికరము, మూత్రము చిక్కబడి మంటను, రాళ్లను, సూక్ష్మజీవులను ఆహ్వానించుటయు నగును. సాయంకాలపు పానీయములను తగ్గింపవలెనే గాని పగటి నీటిని కాదు.

గ్రంథివృద్ధిలో అత్యవసరస్థితి మూత్రావరోధము. నిన్నటివరకు ఏదో విధముగా పోవుచుండిన మూత్రము హఠాత్తుగా ఆగిపోయి, పొత్తికడుపు ఉబ్బి, దుర్భరమైన నొప్పి కలుగును. చాలమారులు దీనికి ముందు ఏదో యొక ప్రేరణము కనబడును: జలుబుకని మందుల దుకాణములో అడిగి తెచ్చుకొన్న బిళ్ల, మద్యపానము, మలబద్ధకము, మరేదో శస్త్రచికిత్స, దీర్ఘప్రయాణములో చాలసేపు బిగబట్టుకొనుట. జలుబు బిళ్లలలో ముక్కుదిబ్బడను తగ్గించు ద్రవ్యము మూత్రాశయపు మెడను బిగించును. తుమ్ములను తగ్గించు క్లోర్ఫెనిరమిన్ వంటిది మూత్రాశయపు కండరమును నీరసింపజేయును. ధార సన్నబడిన వృద్ధునికి ఇవి రెండును శత్రువులు. ఆగిన మూత్రమును గొట్టము ద్వారా గంటలలో తీసివేయవలెను. పొట్టపై కాపడములు పెట్టుచు తెల్లవారునని కూర్చుండరాదు.

దీనికంటె మోసకరమైనది నొప్పి లేని అవరోధము. మూత్రాశయము నెలల తరబడి సాగి సాగి, లీటరుకు పైగా నిలువయున్నను రోగికి నొప్పి యుండదు. నిండిన కుండ పొర్లినట్లు చుక్కచుక్కగా మాత్రము కారుచుండును. ముసలివాడు రాత్రి నిద్రలో పక్క తడుపుచున్నాడనగా, అది మతిమరుపో అశ్రద్ధయో యని ఇంటివారు విసుగుకొనుట కద్దు. వైద్యుని దృష్టిలో ఆ లక్షణము, మరి యొకటి తేలువరకు, నిండిన మూత్రాశయమునకు గుర్తు. ఆ ఒత్తిడి పైకి ప్రాకి మూత్రపిండములను ఉబ్బించి, ఆకలి మందగించుట, ఓకరింపులు, కాళ్లవాపు, నీరసము అను రూపమున బయటపడును. రక్తములో క్రియాటినిన్ పరీక్షయు, మూత్రవిసర్జన పిదప ఎంత మిగిలినదో చూపు స్కానింగును దీనిని తేటపరచును. సకాలమున కనుగొన్నచో మూత్రపిండములు చాలవరకు కోలుకొనును.

శోథమునకు మరియొక ముఖమున్నది. తీవ్రమైన శోథమున చలితో కూడిన జ్వరము, మూత్రమున మంట, గుదమునకును వృషణములకును నడుమ బరువైన నొప్పి, నడుము లాగుట యుండును. ఇట్టి సమయమున గ్రంథిని వ్రేలితో గట్టిగా నొక్కి చూచుట సూక్ష్మజీవులను రక్తములోనికి పంపుటయే యగును. మధుమేహము గలవారిలో గ్రంథి చీముపట్టవచ్చును. ఇక మూత్రములో రక్తము కనబడుట, నొప్పి యున్నను లేకున్నను, ఒక్కమారు కనబడి మాయమైనను, పెరిగిన గ్రంథిదే యని తేల్చుకొని ఊరకుండరాదు. పెరిగిన గ్రంథి రక్తము కార్చుననుట నిజమే. కాని మూత్రాశయ క్యాన్సరును, మూత్రపిండ క్యాన్సరును మొదటగా చెప్పు మాటయు అదియే. పొగత్రాగువారియందు ఈ అనుమానము ఇంకను బలమైనది. వేడిచేసినదని సబ్జాగింజలు నానబెట్టుకొని త్రాగుచు నెలలు గడుపుట మన యిండ్లలో జరుగుచున్న పెద్ద ప్రమాదము.

పౌరుషగ్రంథి క్యాన్సరు ప్రపంచమున పురుషులకు వచ్చు క్యాన్సరులలో సంఖ్యచేత రెండవ స్థానమున నున్నది. 2022లో సుమారు 14 లక్షల 70 వేలమందికి క్రొత్తగా కనుగొనబడెనని అంచనా. పాశ్చాత్య దేశములతో పోల్చినచో భారతదేశమున దీని వ్యాప్తి చాల తక్కువ. ఐనను భారత వైద్య పరిశోధన మండలి 1981లో ఆరంభించిన జాతీయ క్యాన్సరు నమోదు కార్యక్రమమున పెద్దనగరముల లెక్కలు ఇది పెరుగుచున్నదనియే చూపుచున్నవి. ఆయుర్దాయము పెరిగినకొలది ఇది సహజము. మన దేశమున విచారింపవలసిన సంగతి సంఖ్య కాదు, దశ: ఎముకలకు వ్యాపించిన తరువాత వైద్యశాలకు వచ్చువారి పాలు ఇచ్చట అధికము. ముసలితనపు నడుమునొప్పి యని తైలములతోను కట్లతోను కాలము గడపి, కాళ్లు పడిపోయిన దినమున వెన్నెముకలో వ్యాపించిన క్యాన్సరు బయటపడిన వృత్తాంతములు మన వైద్యులకు క్రొత్తవి కావు. విశ్రాంతి తీసికొన్నను, రాత్రి పరుండినను తగ్గని క్రొత్త నడుమునొప్పి అరువదియేండ్ల పురుషునికి వచ్చినచో గ్రంథిని కూడ పరీక్షింపవలెను. దానికి తోడు కాళ్లలో బలహీనతయో తిమ్మిరియో కలిగినచో అది ఆ దినమే వైద్యశాలకు పోవలసిన స్థితి. వయస్సు, వంశము, జాతి అను మూడును దీనికి స్థిరపడిన హేతువులు. తండ్రికి గాని సోదరునికి గాని ఈ క్యాన్సరు వచ్చినవానికి ప్రమాదము సుమారు రెండింతలు. స్త్రీల రొమ్ముక్యాన్సరుతో సంబంధము గల బి.ఆర్.సి.ఏ.2 అను జన్యుదోషము వంశమున ఉన్నచో అంతకంటెను అధికము. ఆఫ్రికా సంతతివారికి ఇది ఎక్కువగా వచ్చును. కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్న పురుషులకు ఈ జబ్బు వచ్చునను భయము కొన్నియెడల నేటికిని వినబడును; అట్టి కార్యకారణసంబంధము స్థాపింపబడలేదు.

పరీక్షలలో పురాతనమును సులభమునైనది వైద్యుడు తొడుగు వేసికొన్న వ్రేలితో గుదముగుండ గ్రంథి వెనుకభాగమును తడవి చూచుట. బొటనవ్రేలి మొదట నుండు కండను నొక్కి చూచినచో నిరపాయవృద్ధి ఎట్లుండునో తెలియును. పిడికిలి బిగించి వ్రేలికణుపును తాకినచో క్యాన్సరుగడ్డ కాఠిన్యము తెలియును. అరనిమిషపు పని. దీనికి సిగ్గుపడి రక్తపరీక్ష మాత్రము చేయుడని అడుగువారు పెక్కుమంది, తీరికలేక అడిగినదే చేయు వైద్యులును లేకపోలేదు. బాహ్యమండలమందలి గడ్డలలో వ్రేలికి అందనివియు నుండును గనుక ఈ పరీక్ష ఒక్కటియే చాలదు.

ఆ రక్తపరీక్షయే పి.ఎస్.ఏ. వీర్యమును పలుచబరచునని పైని చెప్పిన మాంసకృత్తు కొద్దిగా రక్తములోనికి కారును. 1979లో అమెరికాలోని బఫలో నగరమున రాస్వెల్ పార్క్ సంస్థకు చెందిన మింగ్ వాంగ్ మొదలగువారు దానిని గ్రంథినుండి శుద్ధిచేసి వేరుపరచిరి. చికిత్స పొందినవారి స్థితి తెలిసికొనుటకు 1986లోను, జబ్బును కనుగొనుటకు 1994లోను అమెరికా ప్రభుత్వము ఈ పరీక్షను అనుమతించెను. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములను హద్దుగా చెప్పుట వాడుక. కాని ఈ హద్దు గోడ కాదు. ఈ మాంసకృత్తు గ్రంథికి చెందినదే గాని క్యాన్సరుకు చెందినది కాదు. గ్రంథి పెరిగినను, శోథము వచ్చినను, మూత్రము ఆగి గొట్టము వేసినను, అంతకు ముందు రెండురోజులలో స్ఖలనము జరిగినను ఇది పెరుగును. నాలుగుకును పదికిని నడుమ నున్నవారిలో సుమారు నాలుగింట ఒకరికి మాత్రమే క్యాన్సరు తేలును; నాలుగుకు లోపల నున్నవారిలోను అది పొంచియుండవచ్చునని 2004లో వెలువడిన ఒక పెద్ద అమెరికా పరిశోధన ఫలితములు చూపెను. ఫినాస్టెరైడ్, డుటాస్టెరైడ్ అను మందులను ఆరునెలలకు పైగా వాడువారిలో ఈ సంఖ్య ఇంచుమించు సగమునకు పడిపోవును. ఆ సంగతి తెలియని వైద్యుడు 3 అను అంకెను చూచి సంతోషించును, తెలిసినవాడు దానిని 6గా చదువును. కావున రోగి తాను వాడు మందుల చీటీని పరీక్షకు వెంట తీసికొనిపోవలెను.

ఏ లక్షణమును లేనివారికందరకును ఈ పరీక్ష చేయవచ్చునా యను వివాదము మూడు దశాబ్దములుగా నడచుచున్నది. యూరపు ఖండమున పలుదేశములలో 1993లో మొదలైన పరిశోధనలో 55 మొదలు 69 ఏండ్ల లోపు వయస్సుగల లక్షా అరువదివేలమందికి పైగా పాల్గొనిరి. పదునారేండ్ల పిదప చూడగా, పరీక్షకు పిలువబడినవారిలో ఈ క్యాన్సరు మరణములు ఐదవవంతు తగ్గెను. ఒక మరణమును తప్పించుటకు 570 మందిని పరీక్షకు పిలువవలసివచ్చెను, 18 మందికి అదనముగా జబ్బు నిర్ణయింపవలసివచ్చెను. ఆ పదునెనిమిదిమందిలో పెక్కురు, పరీక్షయే జరుగకున్నచో ఆ క్యాన్సరు సంగతి ఎరుగకయే మరియొక కారణముచే గతించియుండెడివారు. చికిత్స ఉచితముగా రాదు: మూత్రము ఆపుకొనలేకపోవుట, దాంపత్యశక్తి తగ్గుట దాని మూల్యము. ఈ మాంసకృత్తు పరిశోధనలో తొలినాళ్లనుండి యున్న రిచర్డ్ ఆబ్లిన్ అను శాస్త్రజ్ఞుడే సామూహిక పరీక్షలను 2010లో బహిరంగముగా ఖండించెను. అమెరికా ప్రభుత్వ సలహాసంఘము 2012లో వలదనెను. 2018లో 55 మొదలు 69 వరకు వైద్యునితో మాటలాడి ఎవరికివారు నిర్ణయించుకొనవలెననియు, డెబ్బది నిండినవారికి సామూహిక పరీక్ష వలదనియు సవరించెను. ఈ సవరించిన మాటయే సమంజసమని తోచుచున్నది. ఎనుబదియేండ్ల నిరోగికి ఆరోగ్యపరీక్షల మూటలో దీనిని కూడ చేర్చి అమ్ముట శాస్త్రము కాదు, వ్యాపారము. వంశమున ఈ జబ్బున్నవాడు మాత్రము ఏబదివరకు వేచియుండక, 45 ఏండ్లకు లోపలనే వైద్యునితో ప్రస్తావించుట మంచిది.

అనుమానము బలపడినచో నేడు మొదట ఎం.ఆర్.ఐ. చిత్రము, పిదప సూదితో ముక్కలు తీసి పరీక్షించుట క్రమము. 1966లో డొనాల్డ్ గ్లీసన్ ప్రతిపాదించిన పద్ధతిలో కణముల అమరికకు అంకెలు వేసి జబ్బుయొక్క క్రూరత్వమును నిర్ణయింతురు. సాధువైన రకమునకు వెంటనే శస్త్రము గాని కిరణములు గాని అక్కరలేదు, జాగ్రత్తగా కనిపెట్టియుండుటయు ఒక చికిత్సయే: గ్రంథిని దాటని క్యాన్సరు గల 1,643 మంది బ్రిటిషు పురుషులను మూడు విధములుగా చూచిన పరిశోధనలో, పదునైదేండ్లు గడచినను ఏ విధమునందైనను ఈ జబ్బువలన మరణించినవారు నూటికి సుమారు ముగ్గురే. వ్యాపించినదానికి పురుషహార్మోనును అణచుటయే మూలచికిత్స; దానిని 1941లో చార్లెస్ హగిన్స్ చూపి 1966లో నోబెల్ బహుమానము పొందెను. ఆ అణచుటకు నేడు సూదిమందులు గలవు. నెలనెల వాని వెల భరింపలేని మన రోగులకు వృషణములను తొలగించు చిన్న శస్త్రచికిత్స ఒక్కమారు ఖర్చుతో అదే ఫలము నిచ్చును.

ప్రాచీనులు ఈ బాధలను ఎరుగకపోలేదు. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున మూత్రాఘాతములను పండ్రెండు విధములుగా వర్ణించెను. వానిలో వాతాష్ఠీల యనునది మలమార్గమునకును వస్తికిని నడుమ కదలని గట్టి గడ్డగా ఏర్పడి మలమూత్రములను అడ్డగించును. ఇది మన పౌరుషగ్రంథియే యని కొందరందురు. స్థానము సరిపోవుచున్నది, అంతకుమించి నిశ్చయించుట సాహసము. ఆధునిక శస్త్రచరిత్రలోను భారతదేశమునకు ఒక సంబంధము కలదు. ఐర్లండు దేశీయుడగు పీటర్ ఫ్రెయర్ ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి ఉత్తరహిందూస్థానమున ఇరువదియేండ్లు మూత్రాశయపు రాళ్లను నలిపి తీయుటలో ఆరితేరెను. లండనుకు మరలిన పిదప పొత్తికడుపుగుండ మూత్రాశయమును తెరచి పెరిగిన గ్రంథిని వ్రేలితో పెకలించు విధానమును 1901లో ప్రకటించి ప్రఖ్యాతి గాంచెను. అమెరికాలో యూజీన్ ఫుల్లర్ అంతకుముందే ఇట్టిది చేసెననియు, కీర్తి మాత్రము ఫ్రెయరుకు దక్కెననియు వాదమున్నది. 1945లో టెరెన్స్ మిల్లిన్ మూత్రాశయమును తెరువకయే గ్రంథిని చేరు మార్గము చూపెను. మూత్రమార్గముగుండనే పరికరమును పంపి గ్రంథిని తురిమి తీయుట, ఇటీవల లేసరు కిరణముతో పెకలించుట ప్రచారమునకు వచ్చి, కడుపు కోయు అవసరము మిక్కిలి తగ్గినది.

శస్త్రము ఎవరికి అవసరమో చెప్పుట కష్టము కాదు: మరల మరల మూత్రము ఆగువారికి, మూత్రపిండములు దెబ్బతినుచున్నవారికి, రాళ్లో రక్తస్రావమో విడువనివారికి, మందులకు లొంగనివారికి. స్వల్పబాధ గలవారికి మందులును అక్కరలేదు. నడుమనున్నవారికి రెండు తెగల ఔషధములు గలవు. గ్రంథిని కుదించు ఫినాస్టెరైడ్ తెగ ఫలమిచ్చుటకు ఆరునెలలు పట్టును. కండరమును సడలించు టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సైలోడోసిన్ మొదలగునవి కొద్దిదినములలోనే ధారను బాగుచేయును గాని గ్రంథిని తగ్గింపవు. వీనివలన లేచి నిలుచున్నప్పుడు రక్తపోటు పడి కన్నులు తిరుగవచ్చును గనుక, రాత్రి మూత్రమునకు లేచు వృద్ధుడు మంచముపై క్షణకాలము కూర్చుండి పిదప లేవవలెను. సా పాల్మెట్టో అను అమెరికా మొక్క సారము ఉత్తిమాత్రకంటె మేలు కాదని పరీక్షలు తేల్చెను. గుమ్మడిగింజలను గూర్చి జరుగుచున్న ప్రచారమునకు తగిన నిదర్శనము లేదు. విటమిన్ ఇ మాత్రలు క్యాన్సరును నివారించునని ఆశించి ముప్పదియైదువేలమందికి పైగా పురుషులపై జరిపిన పరిశోధనలో, 2011 నాటి లెక్కప్రకారము, ఆ మాత్రలు తీసికొన్నవారిలోనే క్యాన్సరు 17 పాళ్లు అధికముగా కనబడెను. టామ్సులోసిన్ విషయమున ఇంకొక సంగతి కలదు. అది కనుపాప చుట్టునున్న తెరను వదులుచేసి, శుక్లములు తీయునప్పుడు శస్త్రవైద్యునికి చిక్కులు తెచ్చునని 2005లో గుర్తింపబడినది. ఈ ప్రభావము మందు మానిన పిదపకూడ మిగిలియుండును. గ్రంథివృద్ధియు శుక్లములును ఒకే వయస్సున వచ్చునవి గనుక, కంటి శస్త్రచికిత్సకు పోవు ప్రతి వృద్ధుడును తాను ఈ మందు వాడుచున్నను, ఎప్పుడో వాడి మానినను, ఆ సంగతిని కంటివైద్యునితో ముందుగా చెప్పవలెను.